సికింద్రాబాద్ ఫొటో రాజు

మన హాస్టల్లో ఎవరిని అడిగినా గవర్నమెంటు ఉద్యోగమే కావాలంటారు. నేనూ అంతే. కానీ చేతిలో ఉన్న గవర్నమెంటు ఉద్యోగం మానుకుని, నేర్చిన విద్యతోనే వ్యాపారం పెట్టి గెలిచిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయనే రాజా లాలా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, 1866లో ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ప్లాన్లు గీయడం, ఖర్చు అంచనా కట్టడం ఆయన పని. 1874 ప్రాంతంలో ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

అప్పట్లో ఫొటో అంటే ఇప్పటి సెల్‌ఫోన్‌లో నొక్కినంత సులువు కాదు. గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, చీకటి గుడారంలో కడగాలి. సీసాలు, పెట్టెలు, గుడారం అన్నీ మోసుకుపోవాలి. పలక పగిలిందా, పడ్డ కష్టమంతా పోయినట్టే!

ఆయన ఉద్యోగం ఒక్కసారే వదిలెయ్యలేదు. జీతం వస్తుండగానే పని నేర్చారు. దొరల ఫొటోలు, కోటలు, గుళ్ల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నారు. తరువాత సెలవు పెట్టి ఇదే పని చేశారు. పని నిలబడుతుందని తేలాకే ఉద్యోగం మానేశారు.

1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. అక్కడ కంటోన్మెంటులో ఇంగ్లీషు సైనికాధికారులు ఉండేవారు. పక్కనే హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువు. రెండు చోట్లా గిరాకీ ఉందన్నమాట. పరదా పాటించే ఆడవాళ్లు మగవాళ్ల ముందు కూర్చుని ఫొటో తీయించుకోలేరు కదా! అందుకని 1892లో హైదరాబాదులో వాళ్లకోసం వేరే స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు రాజా, ముసవ్విర్ జంగ్ బిరుదులిచ్చారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు. 1905లో కన్నుమూశారు.

నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆయన అమ్మింది కాగితం మీద అచ్చువేసిన ఫొటోలే. అసలు గాజు పలకలకు నంబర్లు వేసి తన దగ్గరే దాచుకున్నారు. ఎవరడిగినా మళ్లీ అచ్చు తీసి ఇవ్వొచ్చు. ఒక్క రోజు కష్టం ఏళ్ల తరబడి అన్నం పెట్టింది. వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో ఆయన పేరున తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

ఆయనకు పెద్ద చదువుంది, నిజాం అండ ఉంది, మనకేముంది అని మీరడగొచ్చు. నిజమే. కానీ మనవాళ్లు అడవంతా తిరిగి అడ్డాకులు ఏరి, పచ్చివే కట్టలు కట్టి సంతలో అమ్మేస్తున్నారు. అవే ఆకులు విస్తళ్లుగా కుట్టి అమ్మేవాడికి ఎక్కువ మిగులుతోంది. ఉద్యోగం కోసం చదువుదాం, తప్పులేదు. దాంతోపాటు ఒక చేతిపని కూడా నేర్చుకుందాం. ఏది అమ్మాలో, ఏది మన దగ్గరే ఉంచుకోవాలో కూడా తెలుసుకుందాం.