సిక్సర్ల నాయుడు గారు – టానిక్కు ప్రకటన

దాళ్వా కోతలు అయ్యాక ఉండి చుట్టుపక్కల చేలల్లో కర్రలు పాతి క్రికెట్టు ఆడని కుర్రాడు ఉండడు. ఆ ఆటలో మన దేశానికి మొట్టమొదటి టెస్టు కెప్టెన్ తెలుగువాడని మీకు తెలుసా? ఆయనే కొఠారి కనకయ్య నాయుడు గారు. అందరూ సి.కె. నాయుడు అంటారు.

ఆయన 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. 1926 డిసెంబరులో బొంబాయిలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు కొట్టారు. అందులో సిక్సర్లే 11! రెండు గంటలు కూడా పట్టలేదు. ఎదుటి జట్టువాళ్ళే మెచ్చుకుని వెండి బ్యాటు బహూకరించారు. 1932 జూన్ 25న లండన్ లార్డ్స్ మైదానంలో మన దేశం తన మొదటి టెస్టు ఆడింది. కెప్టెన్ నాయుడు గారే.

అంత పేరు వచ్చాక వ్యాపారస్తులు ఊరుకుంటారా? ఆటగాడి బొమ్మతో సరుకు అమ్మడం అమెరికాలో అప్పటికే పాత పద్ధతి. 1880ల నుంచే అక్కడి సిగరెట్టు కంపెనీలు పెట్టెలో ఒక అట్టముక్క పెట్టేవి. ముందువైపు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ, వెనక కంపెనీ ప్రకటన. అట్ట ఉంటే సిగరెట్లు నలగవు. పైగా బొమ్మలన్నీ పోగెయ్యాలని జనం మళ్ళీ మళ్ళీ అదే కొనేవారు. బొమ్మ ఇమ్మని పిల్లలు సిగరెట్టు తాగేవాళ్ళ వెంట పడేవారు. 1909లో మొదలైన ఒక వరసలో హోనస్ వాగ్నర్ అనే గొప్ప ఆటగాడి బొమ్మ కూడా వేశారు. ఆయన వద్దన్నారు. తన బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనకూడదనే అలా అన్నారని చెబుతారు. కంపెనీ ఆ బొమ్మ ఆపేసింది. అప్పటికే బయటికి వచ్చిన కొద్ది అట్టల్లో ఒకటి 2022లో 72 లక్షల డాలర్లకు పైనే పలికింది!

మన నాయుడు గారి దగ్గరికి 1941లో వచ్చింది మాత్రం పొగాకు కాదు. బాత్‌గేట్ లివర్ టానిక్కు. సరుకుకు ప్రచారం చేసిన మొదటి భారత క్రికెటర్ ఆయనే అంటారు.

ఇక్కడే ఒక లెక్క చూడండి. సిక్సర్లు కొట్టింది 1926లో. టానిక్కు ప్రకటన వచ్చింది 1941లో. మరి ఆ సిక్సర్లు సీసాలోంచి వచ్చినవేనా? కాదు కదా! అవి సాధన వల్ల వచ్చాయి. ఆ ఓపికతోనే ఆయన 1956–57లో, 61 ఏళ్ళ వయసులో కూడా ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీ మ్యాచ్‌లు ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

మిత్రులారా! 2003 చట్టం ప్రకారం మన దేశంలో పొగాకు ప్రకటనలు నిషేధం. 18 ఏళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మకూడదు. బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. కానీ చట్టం మన చెయ్యి పట్టుకుని ఆపదు. కొట్లో వేలాడే ప్యాకెట్టు ఎంత తళతళలాడినా, దాని పక్కన ఎంత పెద్ద హీరో బొమ్మ ఉన్నా, లోపల ఉన్నది ఏమిటో ముందు అడగండి. నాయుడు గారి దగ్గర మనం నేర్చుకోవాల్సింది బ్యాటు పట్టడం. అది ఏ కొట్లోనూ దొరకదు, గ్రౌండులోనే దొరుకుతుంది.