డాక్టరు జానకీ అమ్మాళ్

చెఱకుతోటను చూచిన రైతు గడ యెత్తును, రసపు తీపిని లెక్కించును. ఆ గడలో కంటికగపడని కణములందలి తంతువులను లెక్కించిన భారతీయ మహిళ యొకరుండిరి. ఆమెయే డాక్టరు జానకీ అమ్మాళ్. చెఱకు పండించువారిలో సైతము పెక్కురామె పేరెఱుగకపోవుట మాకు విచారకరముగ నున్నది.

ఆమె 1897 నవంబరు 4వ తేదీన మలబారులోని తలిచేరి పట్టణమున జన్మించిరి. తండ్రి న్యాయాధికారి. ఆ కాలపు బాలికలకు వివాహమే పరమావధి; ఆమె అవివాహితగనే యుండి విద్యను వరించిరి. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో 1921లో వృక్షశాస్త్రమున ఆనర్సు పట్టము నందిరి. ఆసియా స్త్రీల విద్యకై బార్బరు అను దాత నెలకొల్పిన వేతనముతో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకేగిరి. అది ఆ రాష్ట్ర ప్రజల విద్యాలయము. తల్లిదండ్రుల గుణములను సంతతికి చేర్చు క్రోమోసోములను గూర్చిన శాస్త్రము నచ్చట నభ్యసించి, 1931లో డాక్టరు పట్టముతో స్వదేశమునకు మరలిరి.

1934లో కోయంబత్తూరు చెఱకు పరిశోధనాలయమున చేరిరి. తీయని చెఱకు తెగుళ్లకు తాళలేదు; రెల్లు తీపిలేనిదయ్యు మొండిది. ఈ రెంటిని సంకరపఱచి మేలైన వంగడములను తీయుట అచ్చట అంతకుముందే ఆరంభమైయుండెను. ఏ సంకరమున ఎవరి క్రోమోసోములెన్ని చేరినవో ఆమె సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. చెఱకును మొక్కజొన్నతో సైతము సంకరపఱచిరి. ఊహపై నడచు పనికి లెక్క యేర్పడెను.

1939లో ఇంగ్లండునకేగి, యుద్ధకాలమంతయు నచ్చటనే పరిశోధన సాగించి, డార్లింగ్టన్ పండితునితో కలసి సాగుమొక్కల క్రోమోసోముల పట్టికను 1945లో ప్రకటించిరి. నెహ్రూగారి యాహ్వానముపై 1951లో తిరిగివచ్చి భారత వృక్షపరిశీలనశాఖను పునర్నిర్మించుటకు పూనుకొనిరి. 1977లో పద్మశ్రీ బిరుదమునంది, 1984 ఫిబ్రవరిలో దివంగతులైరి.

సీమలో ఉండిపోయినచో ఆమెకు కీర్తికి లోటులేదు. అయినను నేర్చినవిద్యను రెండుమారులు స్వదేశమునకే తెచ్చిరి. పరదేశపు ప్రజావిద్యాలయమొకటి మన యాడుబిడ్డకు తలుపు తెఱచినందుననే యిది సాధ్యమయ్యెను. కుమారుని పైచదువునకు పొలమమ్ముటకు సైతము వెనుదీయని గృహస్థు, కుమార్తె పరిశోధనకు పోయెదననగా నేటికిని సందేహించుట కలదు. మంచి విత్తనమును గాదెలో దాచినవాడు రైతు కాడు. ఈ సంగతి భూమి నెఱిగినవారికి మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.