నవాబ్ జఫర్ జంగ్: షౌఖ్‌తో మొదలైన చుక్కల లెక్క

కొందరు ఉమ్రావులు దేవుడీలకు, గుర్రాలకు ఖర్చు పెడితే హైదరాబాద్ నవాబ్ జఫర్ జంగ్ ఆకాశం కోసం ఖర్చు పెట్టారు. ఇంగ్లండ్‌లో చదువుకున్న ఆయన 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల పెట్టారు. జీతం కోసం కాదు, ఒట్టి షౌఖ్. నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు.

తన తర్వాత అది మూతపడుతుందేమోనన్నదే ఆయన ఫికర్. అందుకే తన తదనంతరం సర్కారే నడపాలని ముందుగానే కోరారు. 1907లో కన్నుమూశారు. మరుసటి ఏడు సర్కారు దాన్ని తీసుకుంది. తర్వాత వేధశాల బేగంపేటకు మారింది.

అప్పట్లో కొన్ని దేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీస్తున్నాయి. అందులో హైదరాబాద్‌కూ వాటా దక్కింది. ఇక్కడివాళ్లు లక్షల నక్షత్రాల జాగాలు కొలిచి అచ్చేశారు.

నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే పాత జాగా తెలియాలి. అందుకే 2000లో వచ్చిన టైకో-2 పట్టికకు ఆ కొలతలూ వాడారు. వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలు వెతికేవారికి, మేడ మీద టెలిస్కోప్ పెట్టుకునే ఔత్సాహికులకు కూడా అలాంటి పట్టికలే ఆధారం. నవాబ్ సాహెబ్ మాత్రం అదేదీ చూడకుండానే వెళ్లిపోయారు.