నాయకత్వం పోయిన తరువాత సి.కె. నాయుడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, బడి గురించి రాయాలా, క్రికెట్టు గురించి రాయాలా అని కొంచెం తటపటాయించాను. నా విషయంలో ఆ రెండూ ఒకటే. రైలు కూత విని బడికి వేళయిందని పరుగెత్తిన డోన్ పిల్లలం మేము. రబ్బరు బంతి, వడ్రంగి చెక్కిచ్చిన బ్యాటు, వికెట్లకు మూడు కంపపుల్లలు. స్కోరు తెలియాలంటే టీ అంగడి రేడియో దగ్గర నిలబడాల్సిందే. ఆ రోజుల్లో డ్రిల్లు సారు నోట విన్న పేరు సి.కె. నాయుడు. ఆ పేరు నాకెందుకు గుచ్చుకుందో చివర్లో చెబుతాను.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి పెద్ద మ్యాచ్ ఆడారు. అక్కడ ఆయన చేసిన మొదటి పరుగులే సిక్సరు! 1923లో హోల్కర్ మహారాజు ఆయన్ను ఇండోర్‌కు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ పదవి ఇచ్చారు. ఇక జీవితమంతా ఆయన ఊరు ఇండోరే అయింది.

దేశానికి ఆయన పేరు తెలిసింది 1926 డిసెంబరులో. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో రెండు గంటల లోపే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు. తెల్లవారి ఆటలో తెల్లవారినే ఇలా బాదవచ్చని చూసి జనం పులకించిపోయారు. ఆ రోజు నుంచి ఆయన మీద బరువు కూడా పడింది. నాయుడు బ్యాటు పట్టుకుంటే సిక్సరు రావాల్సిందే. రాకపోతే చూడవచ్చినవారికి టికెట్టు డబ్బులు దండగ అనిపించేది.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్లింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. సంస్థానాధీశులుండగా మామూలు మనిషికి నాయకత్వం ఇవ్వడం అప్పట్లో ఊహకందని మాట. పోర్‌బందర్ మహారాజు తన ఆట సంగతి తాను తెలిసినవాడు కనుక పెద్దమనసుతో తప్పుకున్నారు. లింబ్డీ ఆయన గాయపడ్డారు. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలోకి భారత జట్టును నడిపించే భాగ్యం ఒక తెలుగువాడికి దక్కింది. అది నచ్చనివారు జట్టులోనే ఉన్నారు. అయినా మొదటి ఉదయమే ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుంది. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు 40 పరుగులు చేశారు. తొలి ఇన్నింగ్సులో మనవారిలో అదే ఎక్కువ. మ్యాచ్ 158 పరుగులతో ఓడిపోయాం గానీ, ఆ పర్యటనలో ఆయన చేసిన 1,618 పరుగులు చూసి విజ్డెన్ ఆయన్ను ఏటి మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంచింది.

1933-34లో జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడూ ఆయనే కెప్టెన్. కానీ 1936 ఇంగ్లండు పర్యటనకు వచ్చేసరికి నాయకత్వం విజయనగరం మహరాజ్‌కుమార్ చేతికి పోయింది. ఆటలో ఇద్దరికీ పోలికే లేదు. మూడు టెస్టుల్లో మహరాజ్‌కుమార్ చేసినవి 33 పరుగులు. జట్టు ముఠాలుగా చీలింది. అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. నాయుడుగారు కూడా నవ్వుతూ తిరిగిన మనిషేమీ కాదు. మితభాషి, కోపిష్టి. అవమానం లోపల రగులుతూనే ఉండి ఉంటుంది. కానీ మూడు టెస్టులూ ఆడారు. చివరిదైన ఓవల్ టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి గుండెల దగ్గర బలంగా తగిలింది. తట్టుకుని నిలబడి 81 పరుగులు చేశారు. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, చివరి ఇన్నింగ్సూ అదే.

ఆ పర్యటనలోనే మరో తెలుగువాడున్నాడు. మద్రాసు బుచ్చిబాబు నాయుడి కొడుకు కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో దేశానికి ఆడినవాడు, 40 ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. 1985లో ఒకరోజు ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ కనిపించలేదు. టెన్నిస్ అంటే నాకు బోర్గ్ కూడా గుర్తొస్తాడు. వరుసగా ఐదు వింబుల్డన్లు గెలిచి, 26 ఏళ్లకే చాలనుకుని తప్పుకున్నాడు. నేను అతన్ని తప్పు పట్టను. టెన్నిస్ కోర్టులో మనిషి ఒంటరి. గెలుపూ ఓటమీ పంచుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. క్రికెట్టులో పక్కన పదిమంది ఉంటారు. అలిగి వెళ్లిపోతే నష్టం వాళ్లకు కూడా.

నాయుడుగారు వెళ్లిపోలేదు. హోల్కర్ జట్టుకు రంజీ ట్రోఫీలు సాధించిపెట్టారు. 1953 అక్టోబరులో మన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. దానికి కెప్టెన్‌గా వచ్చింది 58 ఏళ్ల నాయుడుగారే. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 68 ఏళ్ల వయసులో చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడి, 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇక నా సంగతి. తొమ్మిదిలో బడి జట్టుకు నేనే కెప్టెన్. పదికి వచ్చేసరికి పెద్దలు ఆ బాధ్యత ఇంకొకరికి ఇచ్చారు. ముఖ్యమైన మ్యాచ్ రోజు కాలు నొప్పి అని అబద్ధం చెప్పి వేపచెట్టు కింద కూర్చున్నాను. కొద్ది పరుగుల తేడాతో ఓడిపోయాం. నేను ఆడివుంటే గెలిచేవాళ్లమో లేదో తెలియదు. ఓడిపోవాలని మాత్రం లోపల కోరుకున్నాను. అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. డ్రిల్లు సారు నన్ను తిట్టలేదు. మరుసటి రోజు తరగతిలో అందరికీ ఓవల్ టెస్టు కథ చెప్పారు. చెబుతున్నంతసేపూ నావైపు చూడలేదు. అయినా ఎవరికి చెబుతున్నారో నాకు తెలుసు.

తరువాత ఉద్యోగంలో నాకంటే చిన్నవాళ్ల కింద పనిచేయాల్సి వచ్చినప్పుడల్లా ఆ కథ గుర్తొచ్చింది. ఒకసారి చేసిన తప్పు మళ్లీ చేయలేదు. ఆ సారు ఇప్పుడు లేరు. ఆనాటి కెప్టెన్ మిత్రుడు మాత్రం మన సంఘం సభలకు వస్తూనే ఉన్నాడు. ఈ ఉత్సవాల్లో పాత విద్యార్థుల మ్యాచ్ పెడితే వాణ్నే కెప్టెన్ చేయండి. మోకాళ్లు సహకరించినంతవరకు, వాడు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను.