అల్లూరి సీతారామరాజు

మాది రాజవొమ్మంగి వైపు కొండ ఊరు. ఇప్పుడు కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. సాంఘిక శాస్త్రం పాఠంలో మా రాజవొమ్మంగి పేరు వచ్చింది. నాకు చాలా సంతోషం వేసింది. అందుకే ఈసారి గోడపత్రికకు రాజుగారి గురించి రాస్తున్నాను.

సీతారామరాజుగారు 1897 జూలై 4న పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1917లో కృష్ణదేవిపేట వచ్చి కొండవాళ్ళ మధ్య ఉన్నారు. అప్పటి తెల్లదొరల ప్రభుత్వం పోడు కొట్టొద్దంది. రోడ్డు పనికి మనవాళ్ళను లాక్కుపోయి సరిగా కూలి ఇవ్వలేదు. రాజుగారు, గాం గంటందొర, గాం మల్లుదొర ఇంకా చాలామంది తిరగబడ్డారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. ఏమేం తీసుకున్నదీ రాజుగారు కాగితం మీద రాసి సంతకం పెట్టారు. దొంగ అయితే సంతకం పెడతాడా?

దాదాపు రెండేళ్ళు పోరాడారు. 1924 మే 7న రాజుగారు మంప దగ్గర దొరికిపోయారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆయన్ని చెట్టుకు కట్టించి కాల్పించాడు. పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం చెప్పింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు.

విచారణ ఏది? 1922 జనవరిలో మలబారులో కుంజహమ్మద్ హాజీ అనే తిరుగుబాటు నాయకుణ్ణి సైనిక కోర్టులో నిలబెట్టారు. అది తొందర తొందరగా తేల్చేసిన కోర్టు. తర్వాత కాల్చేశారు. దాన్ని కూడా న్యాయం అనలేం. రాజుగారికి ఆపాటి కోర్టు కూడా లేదు.

మల్లుదొరను మాత్రం కోర్టులో విచారించి అండమాన్ జైలుకు పంపారు. ఆయన బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటు సభ్యుడయ్యారు!

పట్టుబడినవాళ్ళను సరైన కోర్టు తీర్పు లేకుండా చంపకూడదని 1949 జెనీవా ఒప్పందాల్లో రాశారు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలని మన రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. 2022లో పాడేరు కేంద్రంగా రాజుగారి పేరుతో జిల్లా పెట్టారు.

మా అమ్మానాన్నలకు చదువు రాదు. సెలవులకు వెళ్ళినప్పుడు ఇది వాళ్ళకు చదివి వినిపిస్తాను. రాజుగారిని ఆ రోజు కోర్టుకు తెచ్చి ఉంటే, మల్లుదొర లాగే ఆయన కూడా తిరిగొచ్చేవారేమో అని నాకు అనిపిస్తుంది.

— 9వ తరగతి విద్యార్థిని