గులాం అహ్మద్ - తొలి టెస్టు విజయంలో మన హైదరాబాదీ

భారత క్రికెట్ జట్టుకు మొట్టమొదటి టెస్టు విజయం తెచ్చింది ఎవరని అడిగితే, కాస్త తెలిసినవాళ్ళు వెంటనే వినూ మన్కడ్ అంటారు. అందులో తప్పు లేదు. 1952 ఫిబ్రవరిలో మద్రాసు చేపాక్ మైదానంలో ఇంగ్లండు మీద ఆయన ఒక్కడే 12 వికెట్లు తీశాడు. అయితే ఆ ఆట చివరి రోజున అవతలి కొస నుంచి బంతి వేసి నాలుగు వికెట్లు పడగొట్టిన మనిషి ఒకరున్నారు. ఆయన మన హైదరాబాదు వారు. పేరు గులాం అహ్మద్. మన హాస్టల్లో రాత్రింబవళ్ళు క్రికెట్ ముచ్చట్లే నడుస్తయి గానీ ఈ పేరు ఎత్తితే పదిమందిలో ఇద్దరు కూడా గుర్తుపట్టరు. అందుకే నాకు తెలిసినంతలో ఆయన జీవితాన్ని ఇక్కడ రాస్తున్నాను.

గులాం అహ్మద్ 1922 జూలై 4న హైదరాబాదులో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. 1937-38లోనే రంజీ ట్రోఫీ గెలిచిన ఊరది. రెండేళ్ళ తర్వాత, 1939-40లో, పదిహేడేళ్ళ గులాం హైదరాబాదు తరఫున మద్రాసు మీద తొలి రంజీ ఆట ఆడి, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి తొమ్మిది వికెట్లు తీశారు. మామూలుగా అయితే ఇట్లాంటి కుర్రవాడికి రెండు మూడేళ్ళలో దేశం పిలుపు రావాలి. కాని ఆయనకు తొమ్మిదేళ్ళు పట్టింది. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1946 ఇంగ్లండు పర్యటనకు గానీ, 1947-48 ఆస్ట్రేలియా పర్యటనకు గానీ ఆయన వెళ్ళలేదు.

ఆయన తొలి టెస్టు ఆడిన కాలం మన తెలంగాణ వాళ్ళం ప్రత్యేకంగా గమనించవలసింది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం లొంగిపోయి భారత యూనియన్‌లో కలిసింది. ఆ రోజులు ఎట్లాంటివో మన ఊళ్ళల్లో పెద్దలు ఇప్పటికీ చెప్తూనే ఉంటరు. రజాకార్ల దౌర్జన్యం ఒకవైపు, రైతుల పోరాటం మరోవైపు, పోలీసు చర్య తర్వాత ముస్లిం కుటుంబాలు పడ్డ భయం ఇంకోవైపు. అది జరిగి మూడున్నర నెలలైనా నిండాయో లేదో, డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీసుతో మొదలైన టెస్టులో హైదరాబాదు ముస్లిం యువకుడొకరు భారతదేశం తరఫున బంతి పట్టుకున్నారు. తొలి ఇన్నింగ్స్‌లోనే నాలుగు వికెట్లు తీశారు. అంతకు ముందు ఏం జరిగిందో, ఎవరు ఎవరివారో ఎవరూ అడగనవసరం లేకుండా పోయింది. విలీనం మీద ఎన్నో పుస్తకాలు వచ్చాయి, వాటిలో ఈ సంగతి ఉండదు. నా మట్టుకు నాకు ఇది కూడా చరిత్రే అనిపిస్తుంది.

ఆయన ఆఫ్ స్పిన్ బౌలర్. సైన్సు విద్యార్థిని గనుక ఆ కిటుకు రెండు ముక్కల్లో చెప్తాను. కుడిచేత్తో వేసే ఆఫ్ స్పిన్నర్ చూపుడువేలితో బంతి కుట్టును మెలిపెట్టి వదులుతాడు. తిరుగుతూ పోయిన బంతి నేలను తాకగానే ఆ తిరుగుడు, పిచ్ ఒరిపిడి కలిసి దాన్ని కుడిచేతి బ్యాట్స్‌మన్ లోపలి వైపు మళ్ళిస్తాయి. గులాం అహ్మద్ పొడగరి. పైగా చెయ్యి బాగా ఎత్తి వేసేవారు. ఎత్తు నుంచి దిగిన బంతి కాబట్టి మలుపుతో పాటు లేపు కూడా ఉండేది. ఓపిక సంగతి చెప్పనక్కరలేదు. 1950-51లో హోల్కర్ జట్టు మీద ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు, అంటే 555 బంతులు వేశారు. దక్కినవి నాలుగు వికెట్లు, ఇచ్చిన పరుగులు 245. మా బాపు అరక కట్టి పొద్దంతా దున్నడం చూస్తూ పెరిగినవాణ్ణి గనుక ఈ లెక్క చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం మరింత పెరిగింది.

ఇక చేపాక్ విషయం. 1932 నుంచి 24 టెస్టులు ఆడినా భారత్‌కు ఒక్క గెలుపు లేదు. ఆ సిరీస్‌లో కూడా అంతకుముందు కాన్పూరులో ఓడిపోయాం. కాన్పూరులో గులాం అహ్మద్ ఒక ఇన్నింగ్స్‌లో 70 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసినా మన బ్యాటింగ్ నిలవలేదు. మద్రాసు ఆట ఫిబ్రవరి 6న మొదలైంది. అదే రోజు ఇంగ్లండు రాజు ఆరవ జార్జి మరణించారు. మర్నాడు ఆట ఆపేశారు. మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండు 266 పరుగులు చేసింది. మన్కడ్ 55 పరుగులకు ఎనిమిది వికెట్లు తీశాడు. గులాం అహ్మద్‌కు 18 ఓవర్లలో ఒక్క వికెట్టూ రాలేదు. తర్వాత పంకజ్ రాయ్ 111, పాలీ ఉమ్రిగర్ అజేయంగా 130 కొట్టగా, కెప్టెన్ విజయ్ హజారే 457 పరుగులకు 9 వికెట్ల వద్ద ఇన్నింగ్స్ ముగించాడు.

ఫిబ్రవరి 10న అసలు పరీక్ష. ఒక కొసన మన్కడ్, రెండో కొసన గులాం అహ్మద్. ఒకరి బంతి బయటికి మళ్ళుతుంటే మరొకరిది లోపలికి వస్తున్నది. ఇంగ్లండు 183 పరుగులకే కుప్పకూలింది. మన్కడ్‌కు నాలుగు, గులాం అహ్మద్‌కు నాలుగు. మొదటి ఇన్నింగ్స్‌లో ఖాళీ చేతులతో మిగిలిన మనిషి రెండో ఇన్నింగ్స్‌లో సగం బరువు మోశారు. ఇన్నింగ్స్ ఎనిమిది పరుగుల తేడాతో భారత్ గెలిచింది. ఇరవై ఏళ్ళ నిరీక్షణ నాలుగు రోజుల ఆటలో తీరింది.

అదే ఏడు వేసవిలో ఇంగ్లండులో మన జట్టు ఘోరంగా ఓడింది. లీడ్స్‌లో రెండో ఇన్నింగ్స్ సున్నా పరుగులకే నాలుగు వికెట్లు పోయిన అపకీర్తి అప్పటిదే. ఆ లీడ్స్‌లోనే ఈయన 63 ఓవర్లు వేసి 100 పరుగులకు ఐదు వికెట్లు తీశారు. అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్ మీద తొలి టెస్టులో ఆయన బ్యాటు కూడా పలికింది. హేమూ అధికారితో కలిసి చివరి వికెట్టుకు 109 పరుగులు జోడించి, తాను 50 చేశారు. ఆ రికార్డు 2004లో ఢాకాలో సచిన్, జహీర్ ఖాన్ 133 చేసేదాకా నిలిచింది.

1955 నవంబరులో హైదరాబాదు ఫతే మైదాన్‌లో తొలిసారి టెస్టు జరిగింది. న్యూజీలాండుతో ఆడిన ఆ ఆటకు కెప్టెన్ గులాం అహ్మదే. సొంత ఊరి తొలి టెస్టుకు సొంత ఊరివాడే నాయకుడు కావడం ఎంతటి భాగ్యం! మరుసటి ఏడు కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకు ఏడు వికెట్లు తీశారు. టెస్టుల్లో అదే ఆయన అత్యుత్తమం.

అంతా పూలబాటే అని రాస్తే అది జీవితచరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. 1958-59లో వెస్టిండీసు జట్టు వచ్చినప్పుడు ఆయన రెండు టెస్టులకు కెప్టెన్‌గా ఉన్నారు. కాన్పూరులో 203 పరుగుల తేడాతో, కలకత్తాలో ఇన్నింగ్స్ 336 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ తర్వాత ఆయన ఆట నుంచే తప్పుకున్నారు. ఆ ఐదు టెస్టుల్లో మన జట్టుకు నలుగురు కెప్టెన్లు మారారంటే అప్పటి గందరగోళం ఊహించుకోవచ్చు. మొత్తం 22 టెస్టులు, 68 వికెట్లు.

బంతి వదిలినా క్రికెట్‌ను వదల్లేదు. 1975 నుంచి 1980 దాకా క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. ఆ కాలంలోనే, 1979-80లో, పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చింది. దాని కెప్టెన్ ఆసిఫ్ ఇక్బాల్ స్వయానా ఆయనకు మేనల్లుడి వరుస, హైదరాబాదులోనే పుట్టి 1961లో పాకిస్తాన్ వెళ్ళినవాడు. ఒకే ఇంటివాళ్ళు రెండు దేశాల పక్షాన ఎదురెదురుగా నిలబడ్డారు. 1983లో ప్రపంచ కప్పు గెలిచిన కపిల్ దేవ్ జట్టును ఎంపిక చేసిన సంఘానికి అధ్యక్షుడు కూడా గులాం అహ్మదే. అంటే మన తొలి టెస్టు గెలుపులోనూ, తొలి ప్రపంచ కప్పులోనూ ఆయన చెయ్యి ఉందన్నమాట. 1998 అక్టోబరు 28న హైదరాబాదులో కన్నుమూశారు.

మిత్రులారా! సెంచరీ కొట్టినవాడికి చప్పట్లు ఎట్లాగూ దక్కుతయి. రెండో కొసన అలసిపోకుండా బంతి వేసినవాడి పేరు కూడా స్కోరు పుస్తకంలో ఉంటుంది, వెతికి చదవాలె గంతే. మన కాలేజీ ఆటల పోటీలప్పుడు కప్పు అందుకున్నవాళ్ళతో పాటు ఇట్లాంటివాళ్ళనూ వేదిక మీదికి పిలుద్దాం. మన యూనియన్ ఈ ఏడాది నుంచే ఆ పని మొదలుపెడితే గులాం అహ్మద్ గారిని తలచుకున్నట్టే అవుతుంది.