పోస్టర్‌లో లేని క్లైమాక్స్

కంచన్‌బాగ్‌లో మా రూమ్ గోడ మీద 1983 నాటి ‘స్కార్‌ఫేస్’ పోస్టర్ ఉంది. కొకైన్ డాన్ టోనీ మోంటానా కల్పితమే. ‘స్కార్‌ఫేస్’ పేరు మాత్రం అల్ కపోన్‌ది. 1899లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే బడి మానేశాడు. బార్ గొడవలో చెంప మీద కత్తిగాట్లు పడ్డాయి. 1920లో అమెరికాలో మద్యనిషేధం రాగానే (మనకి 1995లో వచ్చినట్టే) షికాగోలో దొంగసారా దందాతో ఎదిగాడు. హత్యల్లో దొరకలేదు గానీ 1931లో పన్ను ఎగవేత కేసులో 11 ఏళ్ల శిక్ష పడింది. సిఫిలిస్ మెదడుకెక్కి, చిన్నపిల్లాడి బుద్ధితో 48 ఏళ్లకే, 1947లో పోయాడు.

పొట్లాలు చేరవేస్తే ఈజీ మనీ అని మొన్న రూమ్మేట్ అంటే నవ్వి ఊరుకున్నా. నిన్న రాత్రి కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పా. వాడేం మాట్లాడలేదు. పోస్టర్ ఇంకా గోడ మీదే ఉంది.